నీళ్లు, ఐసు, ఆవిరి

మా సంఘంలో సండే స్కూలు చెప్పడం మొదలుపెట్టి పదహారేళ్లయింది. "తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ దేవుడైతే దేవుడు ఒక్కడెలా అవుతాడు టీచర్?" అని పిల్లలు అడిగిన ప్రతిసారీ ఒకటే కథ చెప్పేదాన్ని. గ్లాసులో నీళ్లు, ఫ్రిజ్‌లో ఐసు, ఇడ్లీ పాత్ర మూత తీస్తే ఆవిరి. మూడూ నీళ్లే కదా, దేవుడూ అంతే. పిల్లలు తలూపేవాళ్లు. నేను తర్వాతి పాఠంలోకి వెళ్లిపోయేదాన్ని.

2025 ఈస్టర్ అయిన మరుసటి ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు ఆపారు. "బిషప్పులంతా కూర్చుని మన నమ్మకాన్ని మాటల్లో పెట్టిన నైసియా సభ జరిగి ఈ ఏడాదికి 1700 ఏళ్లమ్మా. యూత్‌కి మన విశ్వాస ప్రమాణం మీద ఆరు వారాలు క్లాసు తీసుకోండి. బయటివాళ్లు ఏం నమ్ముతారో కూడా పక్కన పెట్టి చెప్పండి. కాలేజీకి వెళ్లి ఎవరో ఒక ప్రశ్న అడిగితే మన పిల్లలు నోరెళ్లబెడుతున్నారు" అన్నారు.

మాది గుంటూరు, లూథరన్ సంఘం. 1842లో ఫాదర్ హయ్యర్ అనే మిషనరీ ఈ ఊరికి వచ్చి మొదలుపెట్టిన పని తాలూకు కొమ్మల్లో మాదీ ఒకటి. నాకు ఈ విశ్వాసం ఇంటిపేరులా వచ్చింది. ఇంటిపేరుకి అర్థమేంటని ఎవరూ అడగరు కదా.

బ్రాడీపేటలో ఒక పెద్ద చార్టు కొనుక్కొచ్చాను. నిలువుగా ఐదు వరసలు: మనం, ఓన్లీ జీసస్ వాళ్లు, యెహోవాసాక్షులు, ముస్లింలు, హిందువులు. అడ్డంగా ఐదు ప్రశ్నలు: దేవుడెవరు, యేసు ఎవరు, పరిశుద్ధాత్మ ఎవరు, రక్షణ ఎలా, చనిపోయాక ఏమిటి. మా నాన్నగారి కాలంనాటి చిన్న పుస్తకం ఒకటి ఇంట్లో ఉంది, అట్ట ఊడిపోయింది. అందులో ఇలాంటి పట్టికే ఉంది. మన వైపు అన్నీ టిక్కులు, అవతల అన్నీ ఇంటూలు. అది చూసి రెండు గంటల్లో ఇరవై ఐదు గళ్లూ నింపేసి హాల్లో గోడకి అంటించాను.

ఆ వారమే మా చిన్న మావయ్య నరసరావుపేట నుంచి పెళ్లికి వచ్చి మా ఇంట్లో దిగాడు. ఆయన పసిబిడ్డగా మా గుడిలోనే బాప్తిస్మం పొందినవాడు. ముప్ఫై ఏళ్ల వయసులో సాగర్ కాలువలో మళ్లీ మునిగాడు, ఈసారి "యేసు నామమున". ఇప్పుడు వాళ్ల సంఘంలో పెద్ద. ఆ రెండో బాప్తిస్మం మీద మా అమ్మకీ ఆయనకీ ఏడాదిన్నర మాటల్లేవు. ఇప్పుడు ఆ గొడవ లేదు గానీ పండక్కి ఎదురుపడితే ఇద్దరూ జాగ్రత్తగా వర్షాల గురించే మాట్లాడుకుంటారు.

మావయ్య కాఫీ గ్లాసు పట్టుకుని చార్టు ముందు నిలబడ్డాడు. తన వరస చదువుకున్నాడు. నేను రాసింది రెండే ముక్కలు: "త్రిత్వాన్ని ఒప్పుకోరు. ఇంటూ." త్రిత్వం అంటే దేవుడు ఒక్కడే, ఆయనలో ముగ్గురు వ్యక్తులు అనే మా నమ్మకం.

"మేం ఏం ఒప్పుకోమో రాశావు. ఏం ఒప్పుకుంటామో రాయలేదేంటమ్మా?" అన్నాడు. కోపం లేదు. కూర్చుని చెప్పుకుంటూ పోయాడు. దేవుడు ఒక్కడే, ఆయన పేరు యేసు, సృష్టికర్తగా ఆయనే తండ్రి, శరీరం ధరిస్తే ఆయనే కుమారుడు, మనలో పనిచేస్తే ఆయనే ఆత్మ. మత్తయి 28:19లో తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ "నామములోనికి" అని ఉంది, "నామములలోనికి" అని లేదు, ఆ ఒక్క నామం ఏదో పేతురు అపొస్తలుల కార్యములు 2:38లో చెప్పేశాడు అన్నాడు. "గెత్సేమనేలో యేసు మరి ఎవరికి ప్రార్థన చేశాడు మావయ్యా?" అన్నాను. అది వాళ్లని ఇరుకున పెట్టే ప్రశ్న అని పుస్తకంలో ఉంది. ఆయన ఏమీ ఇరుకున పడలేదు. ఆయనలోని మానవత్వం దైవత్వానికి ప్రార్థించిందని టక్కున చెప్పాడు.

తర్వాత అడిగాడు: "ఇంతకీ మీ పిల్లలకి త్రిత్వం ఎలా చెప్తావు?"

నీళ్లు, ఐసు, ఆవిరి కథ చెప్పాను. పనిలో పనిగా రెండోదీ చెప్పాను: నాన్న ఒక్కడే, నాకు నాన్న, అమ్మకి భర్త, తాతయ్యకి కొడుకు.

మావయ్య కాఫీ ఒలికేంత నవ్వాడు. "అదే కదమ్మా మేం చెప్పేది! ఉన్నది ఒక్కడే, మూడు రూపాల్లో కనిపిస్తాడు. మీ గుడి జీతం లేకుండా మా సిద్ధాంతం పదహారేళ్లు బోధించావన్నమాట. మరి నా వరసలో ఇంటూ ఎందుకు పెట్టావు?"

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. లూథరన్లు ఒప్పుకునే విశ్వాస ప్రమాణాలు మూడు: అపొస్తలులది, నైసియాది, అతనాసియసుది. మొదటిది ప్రతి ఆదివారం చెప్తాం. మూడోది చాలా పొడుగు, త్రిత్వ ఆదివారానికైనా చదవడం అరుదు. దాన్ని మొదటిసారి పూర్తిగా చదివాను. వ్యక్తులను ఒకరిలో ఒకరిని కలిపేయకూడదు, తత్వాన్ని విడదీయకూడదు అని మొదట్లోనే ఉంది. నా నీళ్ల కథ చేసేది ఆ మొదటి పనే. ఒకే నీళ్లు ఒకసారి ఐసు, ఇంకోసారి ఆవిరి. ఐసుగా ఉన్నప్పుడు ఆవిరి కాదు. ఈ పద్ధతిలో చెప్పినందుకే మూడో శతాబ్దంలో రోములో సబెల్లియస్ అనే బోధకుణ్ణి సంఘం వెలివేసింది. మావయ్యవాళ్ల ఉద్యమం కొత్తది. అమెరికాలో పెంతెకొస్తు వాళ్లలోనే ఈ గొడవ వచ్చి 1916లో విడిపోయారు. వాళ్ల వాదన వేరే దారిలో వచ్చింది, కానీ చేరిన చోటు సబెల్లియస్‌కి దగ్గరే. నేను మాత్రం ఏ వాదనా లేకుండా, ఇడ్లీ పాత్ర పట్టుకుని అక్కడికి చేరాను.

మర్నాడు పొద్దున చార్టు తీసేసి, వెనక వైపు తెల్లగా ఉంటే మళ్లీ గళ్లు గీశాను. ఒక నియమం పెట్టుకున్నాను. ప్రతి వరసనీ ఆ నమ్మకం ఉన్న మనిషికి చూపించాలి. "అవును, మేం ఇదే నమ్ముతాం" అని వాళ్లు అన్నాకే సిరాతో రాయాలి. అప్పటిదాకా పెన్సిలే.

యెహోవాసాక్షుల్ని వెతుక్కోనక్కర్లేదు, వాళ్లే వస్తారు. మా వీధికి ఇద్దరు అక్కలు వస్తుంటారు, చేతిలో ట్యాబ్, ముఖంలో చిరునవ్వు. ఇదివరకు "మేమూ క్రైస్తవులమేనండీ" అని తలుపు వేసేసేదాన్ని. ఈసారి లోపలికి రమ్మని మజ్జిగ ఇచ్చాను. మా అమ్మ వంటింట్లోంచే రెండో యోహాను 10వ వచనం అప్పజెప్పింది: ఈ బోధను తేనివాణ్ణి ఇంట చేర్చుకోవద్దు అని. వాళ్లకి వినపడింది. పెద్దావిడ నవ్వి, "ఆ వచనం మాకూ కంఠతా వచ్చమ్మా" అంది.

రక్షణ గడిలో పుస్తకం చూసి నేను రాసింది: "1,44,000 మందికే రక్షణ." ఆవిడ చూసి తల అడ్డంగా ఊపింది. అంతమంది పరలోకంలో క్రీస్తుతో పరిపాలిస్తారట. మిగతా నమ్మకస్తులకి ఈ భూమే పరదైసు అవుతుంది. ప్రకటన 7వ అధ్యాయంలో ఆ లెక్క పక్కనే "గొప్ప సమూహం" ఉంది కదా అని చూపించి, నీతిమంతులు భూమిని స్వతంత్రించుకుంటారని కీర్తన 37:29 చదివింది. నరకంలో కాలడం లేదు, చనిపోయినవాళ్లకి స్పృహ లేదు, పునరుత్థానం దాకా నిద్రే. యేసు దేవుని మొదటి సృష్టి, ప్రధానదూత మిఖాయేలు ఆయనే. ఇవన్నీ దాచకుండా చెప్పింది. నేను రబ్బరు పెట్టి చెరిపి రాసుకున్నాను.

ఒక చోట మాత్రం నాకు సరదా వేసింది. "దేవుని పేరుని బైబిళ్లలోంచి తీసేశారు" అని మొదలుపెట్టింది. ఇంగ్లిష్ బైబిళ్ల విషయంలో అది చాలావరకు నిజమే, అక్కడ "ప్రభువు" అనే మాట పెట్టారు. కానీ మన పాత తెలుగు బైబిల్లో ఆది నుంచీ యెహోవా, యెహోవా అనే ఉంటుంది. "యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు" అనకుండా ఏ తెలుగు క్రైస్తవుడు పెరిగాడు? నా బైబిల్ తెరిచి చూపించాను. "కొత్త నిబంధనలో లేదు కదా" అంది. వాళ్ల అనువాదంలో కొత్త నిబంధనలోనూ 237 చోట్ల ఆ పేరు ఉంది. మనకి దొరికిన గ్రీకు ప్రతుల్లో ఒక్కదాంట్లోనూ లేదని నేను అన్నాను. అక్కడ ఇద్దరం ఆగాం.

యోహాను 1:1 దగ్గర మాత్రం ఆగలేదు, గంటసేపు పట్టింది. "వాక్యము దేవుడై యుండెను" అని మనది. "ఒక దేవుడు" అని వాళ్లది. ఈ "ఒక" అనే రెండక్షరాల మీదే 325లో మూడు వందల మంది దాకా బిషప్పులు నైసియాలో కూర్చున్నారు అనుకోవచ్చు. అలెగ్జాండ్రియాలో పెద్ద అయిన ఏరియస్ వాదన కూడా దగ్గరదగ్గర ఇదే: కుమారుడు ఎంత గొప్పవాడైనా సృష్టించబడినవాడే, ఆయన లేని కాలం ఒకటుంది. దానికి సభ ఇచ్చిన జవాబు మనం పాడినట్టు చదివే వాక్యం: జనించినవాడే గాని సృష్టించబడినవాడు కాడు, తండ్రితో ఏకతత్వం గలవాడు. చిన్నప్పటి నుంచీ కళ్లు మూసుకుని చెప్పిన ఆ ముక్క ఎవరో ఒకరికి జవాబు అని నాకు ఆ మజ్జిగ గ్లాసుల మధ్య తెలిసింది. శిష్యుడైన తోమా యేసుతో "నా ప్రభువా, నా దేవా" అన్నప్పుడు యేసు ఎందుకు కాదనలేదని అడిగాను. ఆవిడకి జవాబు ఉంది, నాకు అది సరిపోలేదు. "తండ్రి నాకంటె గొప్పవాడు" అని యేసే అన్నాడుగా అని ఆవిడ అడిగింది. నా దగ్గరా జవాబు ఉంది, ఆవిడకి అదీ సరిపోలేదు.

వాళ్లు వెళ్లాక ఒకటి తోచింది. "త్రిత్వం అనే మాట బైబిల్లో లేదు" అని మావయ్యా అన్నాడు, ఈ అక్కా అంది. ఆ మాట నిజంగానే లేదు, లాటిన్‌లో దాన్ని వాడుకలోకి తెచ్చింది తెర్తుల్లియన్ అనే తొలినాళ్ల క్రైస్తవ రచయిత. కానీ అక్కడ మొదలై మావయ్య యేసే తండ్రి అన్నాడు, ఈవిడ యేసు దేవుడే కాదు, సృష్టి అంది. ఒకే గేటు దాటి ఒకరు తూర్పుకీ ఒకరు పడమరకీ వెళ్లారు. ఆ రెండు దారుల మధ్య నిలబడడానికి రాసుకున్నదే మా విశ్వాస ప్రమాణం.

మూడో వరస ఆఫీసులో లంచ్ టైంలో పూర్తయింది. మా సెక్షన్లో సీనియర్ మేడం ఉన్నారు, ఐదు పూటలా నమాజు తప్పని మనిషి. చార్టు ఫోటో ఫోన్‌లో చూపించాను. "యేసును నమ్మరు" అని ఉంది. ఆవిడ డబ్బా మూత పెట్టేసి నా వైపు తిరిగింది. "ఈసా అలైహిస్సలాంని నమ్మకపోతే నేను ముస్లింనే కాను. ఎవరు రాశారిది?" నేనే రాశానని చెప్పడానికి సిగ్గేసింది. ఖురాన్‌లో 19వ సూరా, అంటే అధ్యాయం, పేరే మర్యమ్, యేసు తల్లి పేరు. కన్యకు పుట్టాడు, మసీహా, అద్భుతాలు చేశాడు, మళ్లీ వస్తాడు. 4:171లో ఆయన్ని దేవుని వాక్కు అని కూడా అంది. వాక్కు అనగానే నాకు యోహాను గుర్తొచ్చింది. కానీ అదే ఆయతులో, అంటే వచనంలో, "ముగ్గురు అనకండి" అనీ ఉంది.

"కొడుకు" అనే మాట దగ్గర ఆవిడ ఇబ్బంది నాకు అప్పుడే అర్థమైంది. 112వ సూరాలో ఆయన ఎవరినీ కనలేదు, ఎవరికీ పుట్టలేదు అని ఉంది. భార్యే లేనప్పుడు కొడుకెలా అని 6వ సూరాలో ప్రశ్న. మేం ప్రార్థనల్లో "జనితైక కుమారుడు" అంటుంటే ఆవిడ చెవికి అది దేవుడు సంసారం చేసినట్టు వినిపిస్తుంది. "మేడం, ఆ అర్థంలో అయితే మాకూ ఒప్పుకోలు కాదు. కాలం లేనప్పుడే, తల్లి ప్రసక్తి లేకుండా తండ్రి నుంచి కుమారుడు, దీపం నుంచి వెలుగులా అని మా పెద్దలు చెప్పారు" అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "అయినా నాకు కుదరదు" అంది. సరే. కానీ కాదంటున్నది దేన్నో ఇద్దరికీ తెలిసింది. సిలువ దగ్గరికి వచ్చేసరికి ఇలాంటి సర్దుబాటు కూడా లేదు. వాళ్లు ఆయన్ని చంపలేదు, సిలువ వేయలేదు అని 4:157. మాకు ఆ శుక్రవారం లేకపోతే ఏమీ లేదు. అది మాటల తేడా కాదని ఇద్దరికీ తెలుసు. ఆ గడి సిరాతో రాశాను.

హిందువుల వరస పట్టుకుని పక్కింటి మాస్టారి దగ్గరికి వెళ్లాను. రిటైరైన తెలుగు లెక్చరర్, వైష్ణవులు. ఆయన కళ్లజోడు సర్దుకుని మొదటి మాటే "ఏ హిందువు అమ్మాయ్?" అన్నారు. "శంకరుడా, రామానుజుడా, మధ్వుడా? ముగ్గురికీ ఒకే గడి ఇచ్చావు, వాళ్లే ఒప్పుకోరు." పెన్సిల్ తీసుకుని నా గడిని ఆయనే మూడు ముక్కలు చేశారు. చార్టు పాడైంది గానీ బాగుపడింది.

"రక్షణ: క్రియల వల్ల" అని రాసినదాని మీద ఆయన చాలాసేపు మాట్లాడారు. కోతిపిల్ల తల్లిని తనే గట్టిగా పట్టుకుంటుంది. పిల్లిపిల్ల ఏమీ చేయదు, తల్లే నోట కరుచుకుని తీసుకెళ్తుంది. మర్కట కిశోర న్యాయం, మార్జాల కిశోర న్యాయం. జీవుడు భగవంతుణ్ణి పట్టుకోవాలా, భగవంతుడే పట్టుకుంటాడా అని శ్రీవైష్ణవుల్లో రెండు శాఖలైన వడగలై, తెంగలై వాళ్లు శతాబ్దాలుగా వాదించుకున్నారట. నేను నోరు తెరుచుకుని విన్నాను. కృప వల్లనే గాని క్రియల వల్ల కాదని లూథర్ చెప్పిందే మాకు ప్రాణం. దానికి దగ్గరి మాట పక్కింట్లో, పిల్లి రూపంలో ఇన్నాళ్లూ ఉంది.

అయితే రెండూ ఒకటేనా అంటే కాదు. ఆ తేడా కూడా మాస్టారే చెప్పారు, నేను కాదు. అవతారం గురించి మాట్లాడుతుంటే "సంభవామి యుగే యుగే" అన్నారు, ఎన్నిసార్లు అవసరమైతే అన్నిసార్లు. మాకు ఒక్కసారే, హెబ్రీ పత్రికలో "ఒక్కసారే" అనే మాట మళ్లీ మళ్లీ వస్తుంది అన్నాను. "అదే చూశావా" అన్నారు ఆయన. "రాముడు ఏ సంవత్సరంలో పుట్టాడో తేలకపోయినా నా శరణాగతికి లోటు లేదు. మీకు అలా కాదు. మీ యేసు ఫలానా రోజు సమాధిలోంచి లేవలేదని తేలిందనుకో, మీ గుడికి తాళం వేసుకోవాలి." పౌలు కొరింథీయులకు రాసింది అచ్చంగా ఇదే: క్రీస్తు లేపబడని యెడల మీ విశ్వాసము వ్యర్థమే. మాస్టారు ఆ వచనం చదివి ఉండరు. ఇంటికొచ్చి మా వరసలో "యేసు ఎవరు" గడిలో "పొంతి పిలాతు కాలమందు" అని కలిపాను. ఇన్నేళ్లూ విశ్వాస ప్రమాణంలో ఆ గవర్నరు పేరు ఎందుకుందో నాకు తట్టలేదు. తేదీ కోసం.

ఈ లెక్కన నాలుగు వరసలూ సిరాతో నిండాయి. మాది ఒక్కటే ఇంకా పెన్సిల్‌తో ఉంది. "పరిశుద్ధాత్మ ఎవరు" దగ్గర నాలుగుసార్లు చెరిపితే కాగితం పలచబడిపోయింది. శక్తి అని రాస్తే యెహోవాసాక్షుల మాట. యేసే ఇంకో రూపంలో అని రాస్తే మావయ్య మాట. "వ్యక్తి" అని రాద్దామంటే తెలుగులో వ్యక్తి అనగానే ఆధార్ కార్డు ఉన్న మనిషి గుర్తొస్తాడు. ముగ్గురు వ్యక్తులంటే ముగ్గురు దేవుళ్లే అనిపిస్తుంది, మేడంకి అనిపించినట్టే. చివరికి పాస్టరుగారి దగ్గర కూర్చుని "మాట్లాడేవాడు, దుఃఖపడేవాడు, తండ్రీ కుమారుడూ కానివాడు, దేవుడే అయినవాడు" అని రాశాం. గడి పట్టలేదు, మార్జిన్‌లోకి వెళ్లింది.

క్లాసులు బాగానే జరిగాయి. మొదటి వారం తొమ్మిది మంది, ఎండలు ముదిరాక ఆరుగురు. సంఘ పెద్దల్లో ఒకాయన "పరాయి సిద్ధాంతాలు మన గుడిలో చెప్పడమేంటి" అని పాస్టరుగారి దగ్గర గొణిగారట. ఇంజినీరింగ్ చదివే అబ్బాయి ఒకడు "ఇన్ని చూశాక మనదే నిజమని ఎలా అంటారు టీచర్?" అన్నాడు. సమాధి ఖాళీగా ఉందని నేను నమ్ముతున్నాను, మిగతాదంతా దాని మీదే నిలబడి ఉంది అని చెప్పాను. వాడికి అది చాలలేదు. దాని గురించి ఇంకా మాట్లాడుకుంటున్నాం.

జూన్ 15, త్రిత్వ ఆదివారం. సండే స్కూల్లో చిన్నపిల్లలు. మూడో తరగతి పాప లేచి మామూలు ప్రశ్న అడిగింది. నీళ్ల కథ నాలుక చివరిదాకా వచ్చింది, మింగాను. మత్తయి 3వ అధ్యాయం తెరిపించాను. యేసు నీళ్లలోంచి బయటికి వస్తున్నాడు. ఆత్మ పావురంలా దిగుతోంది. ఆకాశం నుంచి ఒక స్వరం, "ఈయనే నా ప్రియ కుమారుడు" అని. "ముగ్గురూ ఒకేసారి ఉన్నారు, చూశారా? ఒకరు పోయి ఇంకొకరు రావడం కాదు" అన్నాను.

పాప వచనం మీద వేలు పెట్టి రెండుసార్లు చదువుకుంది.

"మరి పావురం ఆయన మీద వాలాక మళ్లీ ఎగిరిపోయిందా టీచర్, అక్కడే ఉండిపోయిందా?"

యోహాను 1:32 తీయమన్నాను. అందరూ పేజీలు తిప్పడం మొదలుపెట్టారు.